కింది దవడ పన్ను పోయిన చోట ఇంప్లాంట్: ఎముక కొలత నుంచి ఏటేటా చెకప్ దాకా

ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళ వెనక, చడీచప్పుడు లేకుండా ఒక పెద్ద దవడ పన్ను మొలుస్తుంది. ఏ పాలపన్నూ ఊడకుండా వస్తుంది కాబట్టి చాలా ఇళ్ళలో దాన్నీ పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా "ఊడి మళ్ళీ వస్తుందిలే" అని ఊరుకుంటారు. అది శాశ్వత దంతం, మళ్ళీ రాదు. పెద్దవాళ్ళలో తరచుగా పోయే పళ్ళలో ఇది ముందుండటానికి ఇదొక కారణం. నమిలేటప్పుడు ఎక్కువ భారం మోసేదీ ఇదే. అందుకని ఈ మార్గదర్శిని కింది దవడలోని ఆ పన్ను చుట్టూనే నడుపుతున్నాం. ముందు పళ్ళకూ పై దవడకూ పద్ధతి మారే చోట ఆ తేడా చెబుతాం.

ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. ఎముకలో స్క్రూ బిగించే పని గంటలోపు అయిపోతుంది. ఇంప్లాంట్ నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు అంతకు ముందు తీసుకున్న కొలతల మీద, ఆ తరువాత ఏళ్ళ తరబడి చేసే శుభ్రత మీద ఆధారపడుతుంది. అందుకే ఈ రెండిటికే ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాం.

ఏమేం భాగాలుంటాయి

ఎముకలో దిగే టైటానియం స్క్రూ, దానిమీద బిగించే అబట్‌మెంట్ అనే కాడ, ఆ పైన పన్ను ఆకారంలో క్రౌన్. క్రౌన్‌నే మనవాళ్ళు క్యాప్ అంటారు. అబట్‌మెంట్‌ను స్క్రూకు పట్టి ఉంచే సన్నని మర ఇంకొకటి లోపల ఉంటుంది. తరువాత వచ్చే చిక్కుల్లో చాలావాటికి ఆ చిన్న మరే కారణం.

స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950ల మొదట్లో కుందేళ్ళ ఎముకల్లో రక్తప్రసరణ గమనించడానికి టైటానియం గొట్టాలు అమర్చారు. పని అయ్యాక తీయబోతే అవి ఊడి రాలేదు. ఎముక లోహానికి అతుక్కుపోయింది. ఆ ఆధారంతోనే 1965లో మొదటిసారి మనిషి దవడలో ఇంప్లాంట్లు వేశారు. ఈ అతుకునే ఒస్సియోఇంటిగ్రేషన్ అంటారు.

సహజమైన పంటి వేరు చుట్టూ సన్నటి పీచు పొర ఉంటుంది. అది నొక్కుడును ఓర్చుకుంటుంది, రాయి తగిలితే వెంటనే తెలియజేస్తుంది, సూక్ష్మజీవులను కొంతవరకు ఆపుతుంది. ఇంప్లాంట్ చుట్టూ ఆ పొర ఉండదు. క్యాప్ ఎత్తు ఎందుకంత జాగ్రత్తగా సరిచూడాలో, చిగురు వాపును ఎందుకు వెంటనే పట్టించుకోవాలో అన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ఇంప్లాంటే కావాలా?

అటూ ఇటూ ఉన్న పళ్ళు ఆరోగ్యంగా ఉంటే వాటిని అరగదీసి బ్రిడ్జి కట్టించుకోవడం నష్టమే. ఇంప్లాంట్ మేలు. ఆ రెండు పళ్ళూ ఇప్పటికే రూట్ కెనాల్ అయ్యో, సగం విరిగో క్యాప్ అవసరంలో ఉంటే మాత్రం బ్రిడ్జి సరైన దారి. ఖర్చు, సమయం రెండూ తగ్గుతాయి. కొంత కష్టపడైనా కాపాడగలిగిన పన్నును తీసేసి ఇంప్లాంట్ వేయమనే సలహా ఎవరిచ్చినా రెండో డాక్టరును అడగండి.

మొదటి మెట్టు: పన్ను తీసే రోజు

పన్ను తీసిన మొదటి ఏడాదిలో అక్కడి ఎముక గట్టు వెడల్పు దాదాపు సగం దాకా తరిగిపోతుంది. ఆ తరుగుదలలో ఎక్కువ భాగం తొలి మూడు నెలల్లోనే జరుగుతుంది. అందుకే పన్ను తీయించుకునేటప్పుడే చెప్పండి: "తరువాత ఇంప్లాంట్ వేయించుకుంటాను, బయటి వైపు ఎముక గోడ విరగకుండా పంటి వేళ్ళు విడదీసి తీయండి." ఆ గోడ పలచగా ఉంటే గుంటలో ఎముక పొడి నింపి కుట్టడం మంచిది.

గుంట చిన్నగా ఉండి చీము లేకపోతే ముందు పళ్ళకు అదే రోజు ఇంప్లాంట్ వేయవచ్చు. దవడ పన్ను గుంట పెద్దది, రెండు వేళ్ళ మధ్య ఎముక అన్నిసార్లూ చాలదు. అందుకని మూడు నాలుగు నెలలు ఆగడమే మామూలు. ఏళ్ళ తరబడి ఆగితే మాత్రం ఇంకో ఇబ్బంది వస్తుంది. ఎదురు పన్ను కిందికి దిగుతుంది, వెనక పన్ను ముందుకు ఒరుగుతుంది. అప్పుడు ఇంప్లాంట్ కంటే ముందు ఆ ఖాళీని సరిచేసుకోవాలి. క్యాప్ పట్టడానికి పళ్ళ మధ్య కనీసం 7 మి.మీ., చిగురు నుంచి ఎదురు పంటి దాకా 5 నుంచి 7 మి.మీ. చోటు కావాలి.

రెండో మెట్టు: ఒంటి సంగతులు దాచకుండా చెప్పడం

షుగరు ఉన్నవారు మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ పరీక్ష తెచ్చుకోవాలి. 7 లోపు ఉంటే ముందుకు వెళ్ళవచ్చు. 8 దాటితే వాయిదా వేసి షుగరు దించుకోవడమే సురక్షితం. ఆ ఒక్క రోజు ఉదయం పరగడుపున బాగా వచ్చిందన్నది లెక్కలోకి రాదు.

ఎముకల బలానికి వాడే అలెండ్రోనేట్, జోలెడ్రోనిక్ యాసిడ్, డెనోసుమాబ్ మందుల గురించి అడగకపోయినా చెప్పాలి. జోలెడ్రోనిక్ యాసిడ్ ఏడాదికోసారి వేయించుకునే ఇంజెక్షన్ కాబట్టి చాలామంది దాన్ని మందుల చీటీలో రాయరు. ఈ మందులు వాడేవారిలో కొందరికి దవడ ఎముక మానకుండా కుళ్ళుతుంది. క్యాన్సర్ కోసం పెద్ద మోతాదులో తీసుకునేవారికి ఆ ప్రమాదం చాలా ఎక్కువ. దవడకు రేడియేషన్ తీసుకున్నవారూ ఇంతే జాగ్రత్తగా ఉండాలి.

రక్తం పలచబడే మందులు, అంటే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, అసిట్రోమ్ లాంటివి సొంతంగా ఆపకండి. స్టెంట్ ఉన్నవారు పంటి కోసం మందు ఆపితే గుండెకే ముప్పు. ఒక్క ఇంప్లాంట్‌కు అయ్యే రక్తస్రావాన్ని గాజ్ గుడ్డతో, కుట్లతో ఆపవచ్చు. గుండె డాక్టరూ పంటి డాక్టరూ మాట్లాడుకుని నిర్ణయించాలి.

పొగ తాగేవారిలో ఇంప్లాంట్ ఊడిపోయే అవకాశం తాగనివారి కంటే బాగా ఎక్కువ. కనీసం వారం ముందు, తరువాత రెండు నెలలు మానాలి. గుట్కా, ఖైనీ, వక్కపొడి అలవాటు ఉంటే ముందు నోరు ఎంత తెరుచుకుంటుందో చూసుకోండి. మీ మూడు వేళ్ళు నిలువుగా పళ్ళ మధ్య పట్టకపోతే వెనక పంటి దగ్గరికి డ్రిల్లు తిన్నగా చేరదు. నోరు బిగుసుకుపోవడం సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే జబ్బు లక్షణం, క్యాన్సర్‌కు దారితీయగలది. దానికి వైద్యం ముందు, పన్ను తరువాత. ఉత్తరాంధ్ర తీరంలో అడ్డచుట్ట, అంటే నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటున్న ఆడవాళ్ళకు అంగిలి మీద తెల్లని మచ్చలు వస్తుంటాయి. వాళ్ళకూ ముందు ఆ మచ్చలు పరీక్షించాలి.

దవడ ఎదుగుదల ఆగేదాకా ఇంప్లాంట్ వేయకూడదు. ఆడపిల్లలకు పదిహేడు పద్దెనిమిది, మగపిల్లలకు ఇరవై దాటాక చూడవచ్చు. తొందరపడితే చుట్టూ పళ్ళు ఎముకతోపాటు కదులుతాయి, ఇంప్లాంట్ అక్కడే ఆగిపోయి పొట్టిగా కనబడుతుంది.

మూడో మెట్టు: స్కాన్, కొలతలు

దవడ మొత్తం కనిపించే ఓపీజీ ఎక్స్‌రే ఒక్కటే చాలదు. అది ఎత్తు చూపుతుంది, అది కూడా కొంత పెద్దదిగా. వెడల్పు చూపదు. సీబీసీటీ స్కాన్ తీయించుకోవాలి. అందులో రొట్టెముక్క కోసినట్టు దవడ అడ్డకోత కనబడుతుంది. ఆ బొమ్మ చూపించి కొలతలు చెప్పమని అడగడం మీ హక్కు.

చూడవలసిన హద్దులు ఇవి. పక్క పంటి వేరుకూ ఇంప్లాంట్‌కూ మధ్య 1.5 మి.మీ. రెండు ఇంప్లాంట్ల మధ్య 3 మి.మీ. ఇంప్లాంట్ లోపలి, బయటి వైపుల ఎముక గోడ ఒక్కోటి కనీసం 1 నుంచి 1.5 మి.మీ. కింది దవడలో నరం కాలువకు పైన 2 మి.మీ. వదలాలి.

ఉదాహరణకు గట్టు వెడల్పు 7.5 మి.మీ., గట్టు పైనుంచి నరం దాకా 13 మి.మీ. ఉందనుకుందాం. 4.2 మి.మీ. లావు ఇంప్లాంట్ వేస్తే ఇటూ అటూ 1.6 మి.మీ. చొప్పున మిగులుతుంది, బాగుంది. పొడవు 11 మి.మీ. దాకా లెక్కకు కుదురుతుంది, కానీ 10 మి.మీ.ది ఎంచుకోవడమే మేలు. ఎందుకంటే డ్రిల్లు కొన ఇంప్లాంట్ పొడవు కంటే కాస్త లోతుకు దిగుతుంది. ఈ తేడా లెక్కలో మరిచిపోవడం నరం దెబ్బతినే కారణాల్లో ఒకటి. పొడవైన స్క్రూ వేస్తే గట్టిగా ఉంటుందన్న నమ్మకంతో హద్దు దాటవలసిన పని లేదు. 8 మి.మీ.వి కూడా చక్కగా పనిచేస్తున్నాయి.

పై దవడ వెనక భాగంలో నరం బదులు సైనస్ గది అడ్డు వస్తుంది. ఎముక ఎత్తు ఐదారు మిల్లీమీటర్లే ఉంటే ఆ గది అడుగు పొరను పైకెత్తి ఎముక పొడి నింపే సైనస్ లిఫ్ట్ అవసరం పడవచ్చు.

ఎముక పొడి గురించి ముందే అడిగి తెలుసుకోండి. విరివిగా వాడే పొడుల్లో కొన్ని ఆవు ఎముక నుంచి, పైన కప్పే పొరల్లో కొన్ని పంది నుంచి తయారవుతాయి. ఆచారం వల్లో ఆహార నియమం వల్లో అవి వద్దనుకునేవారికి కృత్రిమ పొడులున్నాయి. మీ దవడ నుంచే గీరి తీసిన ఎముక కూడా వాడవచ్చు. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నాక ఈ చర్చ జరగకూడదు.

నాలుగో మెట్టు: డాక్టరు, కంపెనీ, ఖర్చు

మన దేశంలో ఇంప్లాంట్లకు విడిగా ఎండీఎస్ (దంత వైద్యంలో పీజీ) శాఖ లేదు. కృత్రిమ దంతాల నిపుణులు, చిగుళ్ళ నిపుణులు, దవడ శస్త్రచికిత్స నిపుణులు వేస్తారు. శిక్షణ పొందిన బీడీఎస్ డాక్టర్లూ వేస్తారు. డిగ్రీ కంటే అడగవలసింది: స్క్రూ వేసేది ఎవరు, క్యాప్ పెట్టేది ఎవరు, ఏదైనా తేడా వస్తే ఎవరు చూస్తారు? అప్పుడప్పుడూ వచ్చి వెళ్ళే సర్జన్ స్క్రూ వేసే క్లినిక్కులు చాలా ఉన్నాయి. అందులో తప్పు లేదు. కానీ క్యాప్ ఎక్కడ కూర్చోవాలో ముందు నిర్ణయించి, దాని కిందికి స్క్రూ వచ్చేలా ఇద్దరూ కలిసి ప్లాన్ చేయాలి. ఎముక ఎక్కడుంటే అక్కడ స్క్రూ దింపేసి, తరువాత క్యాప్‌ను వంచి సరిపెట్టడం వల్ల శుభ్రం చేయడానికి వీల్లేని పళ్ళు తయారవుతాయి.

తెలుగు రాష్ట్రాల నగరాల్లో ఒక్క పంటికి 20 వేల చిల్లర నుంచి 60 వేలు దాటేదాకా చెబుతుంటారు. ఆ అంకెలో స్కాన్, ఎముక పొడి, అబట్‌మెంట్, క్యాప్ కలిసి ఉన్నాయో లేదో రాయించుకోండి. చౌకగా కనిపించే ధరలో చాలాసార్లు స్క్రూ మాత్రమే ఉంటుంది. డెంటల్ కాలేజీల్లో అధ్యాపకుల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు ఇంప్లాంట్లు వేస్తారు. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోని, విజయవాడలోని ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో అడిగి చూడవచ్చు.

"లైఫ్‌టైమ్ గ్యారంటీ" అన్న మాటకు కాగితం చూపమనండి. చాలావాటిలో ఊడిన స్క్రూకు బదులు కొత్త స్క్రూ ఇస్తారే తప్ప డాక్టరు ఫీజు, ఎముక పొడి, క్యాప్ రావు.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో సెలవులకు వచ్చి వేయించుకునేవారు రెండు ప్రయాణాలు అనుకోవాలి. మొదటిసారి కుట్లు తీసేదాకా కనీసం రెండు వారాలు, మూడు నాలుగు నెలల తరువాత క్యాప్ కోసం మరో రెండు వారాలు. ఇంప్లాంట్ పెట్టె మీద కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ వస్తుంది. అది అడిగి తీసుకుని ఫొటో తీసి దాచుకోండి. ఒక్కో కంపెనీ మరకు ఒక్కో రకం డ్రైవర్ కావాలి. పేరు తెలియకపోతే వదులైన మరను బిగించడానికి కూడా అక్కడి డాక్టరు తంటాలు పడతారు.

ఐదో మెట్టు: స్క్రూ వేసే రోజు

టిఫిన్ తిని, రోజూ వేసుకునే మందులు వేసుకుని వెళ్ళండి. ముందు ఇచ్చే యాంటీబయాటిక్‌గా గంట ముందు 2 గ్రాముల అమోక్సిసిలిన్ వాడుక. పెన్సిలిన్ పడనివారు తప్పక చెప్పాలి. క్లోర్‌హెక్సిడిన్‌తో నిమిషం పుక్కిలించాక అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ మత్తు ఇస్తారు.

చిగురు విప్పి, సన్నటి డ్రిల్లుతో మొదలుపెట్టి ఒక్కో సైజు పెంచుతూ రంధ్రం చేస్తారు. ఎముక 47 డిగ్రీల వేడిని ఒక్క నిమిషం భరించినా దెబ్బతింటుంది. అందుకే చల్లని సెలైన్ ధారగా పోస్తూ, నిమిషానికి 800 నుంచి 1200 చుట్ల మధ్య, పైకీ కిందికీ ఆడిస్తూ తొలుస్తారు. కింది దవడ ఎముక గట్టిది కాబట్టి వేడి ముప్పు అక్కడే ఎక్కువ. మొండిబారిన డ్రిల్లు కూడా వేడి పుట్టిస్తుంది.

ఇంప్లాంట్‌ను నెమ్మదిగా తిప్పి దింపుతారు. చివరికి బిగువు 25 నుంచి 45 న్యూటన్ సెంటీమీటర్ల మధ్య ఉంటే హాయి. 35 దాటితేనే అదే రోజు తాత్కాలిక పన్ను ఆలోచించవచ్చు. అదైనా ముందు పంటికే, ఎదురు పంటికి తగలకుండా. దవడ పంటికి ఆ తొందర అనవసరం. మరీ బిగించినా ఎముక నలిగి చనిపోతుంది. పైన మూత మర వేసి చిగురు కుట్టేస్తారు, లేదా చిగురు బయటికి కనబడే హీలింగ్ క్యాప్ అనే తాత్కాలిక మూత పెడతారు.

మత్తు దిగాల్సిన నాలుగైదు గంటల తరువాత కూడా కింది పెదవి, గడ్డం మొద్దుబారి ఉంటే తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే ఫోన్ చేయండి. స్క్రూ నరాన్ని నొక్కుతుంటే తొలి ఒకటి రెండు రోజుల్లో వెనక్కి తీసినప్పుడే స్పర్శ తిరిగివచ్చే ఆశ ఎక్కువ.

ఆరో మెట్టు: తొలి పది రోజులు

మొదటి రోజు ఉమ్మకూడదు, గట్టిగా పుక్కిలించకూడదు, స్ట్రాతో తాగకూడదు. గడ్డ కట్టిన రక్తం కదిలిపోతుంది. చెంప మీద బట్టలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి, పది నిమిషాలు తీయండి. వాపు రెండో మూడో రోజున ఎక్కువై తరువాత దిగుతుంది, కంగారు వద్దు. నాలుగో రోజు తరువాత పెరుగుతుంటే మాత్రం చూపించాలి.

చల్లారిన రాగి జావ, పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ, ఉప్మా, పప్పుచారు కలిపి మెదిపిన అన్నం చాలు. ఆవకాయ, గొడ్డుకారం, జంతికలు, మరమరాలు, నువ్వులు వద్దు. ముక్కలు కుట్లలో ఇరుక్కుంటాయి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు రోజుకు నాలుగైదుసార్లు నోట్లో ఉంచి వంపేయండి. కుట్లు ఏడు నుంచి పది రోజులకు తీస్తారు.

ఏడో మెట్టు: ఆగడం

కింది దవడకు రెండు మూడు నెలలు, పై దవడకు మూడు నుంచి ఆరు నెలలు, ఎముక పొడి నింపితే ఇంకా ఎక్కువ. తొలి బిగువు మూడు నాలుగు వారాల దగ్గర కొంత తగ్గుతుంది. పాత ఎముక కరుగుతూ కొత్తది ఇంకా గట్టిపడని సమయం అది. నొప్పి లేదు కదా అని ఆ వైపు చెరుకు, పల్లీలు నమలడం అప్పుడే ప్రమాదం.

ఎనిమిదో మెట్టు: క్యాప్

కొలత తీసుకున్నాక ల్యాబ్ నుంచి క్యాప్ వస్తుంది. దాన్ని రెండు రకాలుగా పెడతారు: మరతో బిగించడం, సిమెంటుతో అతికించడం. దవడ పంటికి మరతో బిగించేదే అడగండి. వదులైతే విప్పి సరిచేయవచ్చు. సిమెంటు చిగురు కిందికి జారి మిగిలిపోతే కొన్ని నెలలకో ఏళ్ళకో అక్కడ చీము పట్టి ఎముక తినేస్తుంది.

లోపలి మరను టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన కొలతకు, ఎక్కువ వాటిలో 25 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లకు బిగించి, పది నిమిషాలాగి మరోసారి బిగించాలి. చేతి డ్రైవర్‌తో బిగించి వదిలేస్తే కొన్నాళ్ళకే ఊగుతుంది. పళ్ళు మామూలుగా కలిపినప్పుడు ఈ క్యాప్ పక్క పళ్ళకంటే తేలికగా తగలాలి. గట్టిగా కొరికినప్పుడే సమానంగా తగలాలి. సహజ పళ్ళు నొక్కుడుకు కొంచెం కిందికి దిగుతాయి, ఇంప్లాంట్ దిగదు. నిద్రలో పళ్ళు నూరే అలవాటుంటే నైట్ గార్డ్ తప్పనిసరి.

నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగి పళ్ళు గారపట్టినవారికి ముందు పంటి క్యాప్ రంగు కలపడం కష్టం. పక్క పళ్ళ ఫొటోలు ల్యాబ్‌కు పంపమని చెప్పండి. లేకపోతే తెల్లటి పన్ను ఒక్కటే వేరుగా మెరుస్తుంది.

ఆ రోజే ఒక చిన్న ఎక్స్‌రే తీయించుకుని దాచండి. ముందు ముందు ఎముక ఎంత తగ్గిందో తేల్చేది ఆ బొమ్మే. మొదటి ఏడాది ఒక మిల్లీమీటరు అటూ ఇటూ తగ్గడం మామూలు, ఆ తరువాత ఏటా 0.2 మి.మీ. లోపే ఉండాలి.

ఆపైన

ఇంప్లాంట్ పుచ్చదు. కానీ దాని చుట్టూ ఎముక పోతుంది. రెండుపూటలా మెత్తటి బ్రష్, రోజుకోసారి క్యాప్ పక్కల ఇంటర్‌డెంటల్ బ్రష్ లేదా ఫ్లాస్. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు వేసి రుద్దకండి. ఆరు నెలలకోసారి, షుగరు ఉన్నవారు మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

తోముతుంటే రక్తం వస్తే అది చాలాసార్లు చిగురు వరకే ఉన్న వాపు, శుభ్రం చేయిస్తే తగ్గిపోతుంది. వదిలేస్తే ఎముకలోకి దిగి పెరి-ఇంప్లాంటైటిస్ అవుతుంది. నొప్పి ఉండకపోవచ్చు. అందుకే చాలామంది ఎముక సగం పోయాక వస్తారు.

పన్ను ఊగుతుంటే రెండు సంగతుల్లో ఒకటి. క్యాప్ ఊగుతూ నొప్పి లేకపోతే లోపలి మర వదులైంది. ఆ వైపు నమలకుండా వెంటనే వెళ్తే కాసేపట్లో బిగిస్తారు. అలాగే వాడితే మర విరిగి, ముక్క తీయడం పెద్ద పనవుతుంది. మరను బిగించాక కూడా ఊగుతుంటే, లేదా నొక్కితే ఎముకలో నొప్పి వస్తే అతుకు పోయినట్టే. అలాంటి స్క్రూను మందులతో నిలబెట్టలేరు. తీసేసి గుంట శుభ్రం చేసి, కావాలంటే ఎముక పొడి నింపి, రెండు మూడు నెలల తరువాత స్కాన్ తీసి మళ్ళీ వేయవచ్చు. మొదటిది ఎందుకు పోయిందో డాక్టరు చెప్పగలిగాకే రెండోదానికి ఒప్పుకోండి.